సీరియల్ గాడి తప్పితే రైటర్‌ని అనాలా, డైరెక్టర్‌ని అనాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే ఒకావిడ, గాజువాకలో ఉండే ఆవిడ ఆడపడుచు ఏడాదిగా ఒకే మధ్యాహ్నం సీరియల్ చూస్తున్నారు. కథ భీమిలిలో జరుగుతుంది. మూడు నెలల నుంచి అది గాడి తప్పింది. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఎంతటివాళ్ళకైనా ఎదురు సమాధానం చెప్పే హీరోయిన్ ఇప్పుడు ఏ నింద వేసినా నోరు మెదపడం లేదు. "ఏటే, వొచ్చీసినావా?" అని మన ఉత్తరాంధ్ర యాసలో గదమాయించే అత్త పాత్ర ఉన్నట్టుండి టీవీ తెలుగులోకి దిగింది. ఒక్క చెంపదెబ్బ సోమవారం నుంచి గురువారం దాకా సాగింది. ఆస్పత్రి సీనులో కట్టు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. ఆడపడుచు గారు డైరెక్టర్‌ని తిడుతున్నారు, అడిగినావిడ రైటర్‌ని తిడుతున్నారు. ఎవరిది తప్పు? అమెరికా సోప్‌లకి, అంటే అక్కడి డైలీ సీరియళ్ళకి, రైటర్ల పేర్లు ఫ్యాన్స్‌కి నోటికొస్తాయట, మనకెందుకు తెలియవు?

సూటిగా చెబుతాను. ఈ నాలుగూ ఒకరి తప్పులు కావు. హీరోయిన్ స్వభావం మారడం కథ తేల్చే చోట జరిగింది. యాస పోయింది మాటల దగ్గర. చెంపదెబ్బ సాగడం స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ కలిసి చేసిన పని. కట్టు మారడం ఒక్కటే డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌ది. కాబట్టి మొగ్గు మీ వైపే ఉంది. కాకపోతే మీరు "రైటర్" అంటున్నది ఒక మనిషి కాదు. ఆ మాట వెనక ముగ్గురు నలుగురు ఉంటారు, వాళ్ళ మీద ఛానల్ ఉంటుంది.

డైలీ సీరియల్‌కి కథ ఎలా వస్తుందో తెలిస్తే వాదన సగం తేలిపోతుంది. మొదట స్టోరీ సిట్టింగ్ జరుగుతుంది. అందులో ఛానల్ ఫిక్షన్ టీమ్ నుంచి ఒకరిద్దరు, ప్రొడక్షన్ హౌస్ వాళ్ళు, కథ చూసే రచయిత కూర్చుంటారు. రాబోయే కొన్ని వారాలకి ఒక ట్రాక్ అనుకుంటారు. అంటే నింద ఎవరి మీద పడుతుంది, నిజం ఎవరికి ముందు తెలుస్తుంది, ఎక్కడ బద్దలవుతుంది అన్నమాట. ఆ ట్రాక్‌ని స్క్రీన్‌ప్లే రచయిత ఎపిసోడ్లుగా విడగొట్టి, ఒక్కో సీనుకి ఒకటి రెండు వాక్యాలతో వన్‌లైన్ రాస్తాడు. అది ఓకే అయ్యాక మాటల రచయిత చేతికి వెళ్తుంది. ఆయన రాసిన సీన్ పేపర్ షూటింగ్ స్పాట్‌కి చేరేసరికి ఆర్టిస్టులు చాలాసార్లు మేకప్‌లో ఉంటారు. డైరెక్టర్ అప్పుడు దాన్ని చదివి షాట్లు విడగొడతాడు.

అరగంట స్లాటులో ప్రకటనలు పోగా మిగిలేది సుమారు 22 నిమిషాలు. వారానికి ఐదారు ఎపిసోడ్లు ప్రసారం కావాలంటే యూనిట్ రోజుకి ఇంచుమించు ఒక ఎపిసోడ్ సరుకు తీయాలి. వరుసలో తీయరు. హాల్లో లైటింగ్ పెట్టారంటే మూడు నాలుగు ఎపిసోడ్లకి కావాల్సిన హాలు సీన్లన్నీ ఒకే రోజు కానిచ్చేస్తారు. ఆ వేగంలో "ఈ అమ్మాయి ఇలా ఊరుకునే మనిషి కాదు కదా" అని ఆగి కథ మార్చే తీరిక డైరెక్టర్‌కి ఉండదు. ఒక మాట తీసేయమంటాడు, ఒక చూపు కలుపుతాడు, అంతవరకే.

ఇక గుర్తుపట్టే పద్ధతికి వద్దాం. సీరియల్ చూస్తూ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏం జరిగింది? ఎలా మాట్లాడారు? ఎలా చూపించారు? మొదటిది కథ, స్క్రీన్‌ప్లేలది. రెండోది మాటల రచయితది. మూడోది డైరెక్టర్, కెమెరా, ఎడిటర్‌లది. నోట్‌బుక్‌లో పేజీకి మూడు గళ్ళు గీసి, రెండు వారాల ఎపిసోడ్లు, అంటే పది పన్నెండు, చూసినవి చూసినట్టు రాయండి. సీనుకి ఒక్క లైను చాలు. మొదటి గడిలో "కొత్తగా ఎవరికి ఏం తెలిసింది" అన్నదే రాయాలి. ఎవరు ఎంత ఏడ్చారన్నది అక్కడ రాయకూడదు. వారం మొత్తానికి ఆ గడిలో రెండు లైన్లు మించి పడకపోతే రోగం కథ దగ్గరే ఉన్నట్టు. లైన్లు నిండుగా ఉన్నా చూస్తుంటే విసుగొస్తోందంటే మూడో గడి వెతకండి.

దీనికంటే తేలిక పరీక్ష ఇంకొకటి ఉంది. హీరోయిన్ చీర చూడండి. కథలో ఒక రోజుకి ఒక కాస్ట్యూమ్ ఉంటుంది. మీరు చెప్పిన చెంపదెబ్బ వారంలో ఆవిడ సోమవారం కట్టిన చీరే గురువారం దాకా ఉందంటే, కథలో ఒక పూటని నాలుగు ఎపిసోడ్లు, 88 నిమిషాలు నడిపారన్నమాట. చెంపదెబ్బ పడ్డాక హాల్లో ఉన్న ఎనిమిది మందికీ ఒక్కొక్క క్లోజప్, తలా ఒక జూమ్, దెబ్బ మళ్ళీ మూడుసార్లు, వెనక ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) ఉరుములు. రియాక్షన్‌కి ఆరేడు సెకన్లు వేసుకున్నా ఒక రౌండుకే దాదాపు నిమిషం గడిచిపోతుంది. డైరెక్టర్‌కి ఇదంటే ఇష్టం అనుకుంటాం. చాలాసార్లు అతని చేతికి వచ్చిన పేపర్లో పన్నెండు నిమిషాల సరుకే ఉంటుంది, మిగతాది ఎడిట్ టేబుల్ మీద నింపక తప్పదు. నాలుగు సీన్లు ఉండాల్సిన చోట ఒక్క సీనే రాసిచ్చినవాళ్ళది మొదటి బాధ్యత.

అలా తక్కువ సరుకు ఎందుకొస్తుందంటే, ఎక్కువగా ఆర్టిస్టుల డేట్ల వల్ల. విలన్ పాత్రధారి వారం రోజులు దొరకరు. నిజం బయటపడే సీను ఆవిడ లేకుండా తీయలేరు. అందాకా కథని నిలబెట్టాలి. ఆ వారంలో మీకు ఈ గుర్తులు కనిపిస్తాయి: ఫోన్లో ఒకవైపు నుంచే సంభాషణ, "అమ్మ గుడికెళ్ళింది" లాంటి మాటలు, పాత ఎపిసోడ్ల ఫ్లాష్‌బ్యాక్‌లు, దేవుడి పటం ముందు పొడుగాటి స్వగతం. ఇవన్నీ ఒకే వారంలో పడితే రైటర్‌నీ డైరెక్టర్‌నీ ఇద్దర్నీ వదిలేయండి, అది ప్రొడక్షన్ ఇబ్బంది.

ఇప్పుడు యాస గురించి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే. "ఏటే" అనే మనిషి "ఏంటే" అనడం మొదలుపెట్టిందంటే ఆ పేపర్ రాసే చెయ్యి మారి ఉండటానికే ఎక్కువ అవకాశం. యాస అంటే "ఏటి", "సెప్పు" అని అక్షరాలు మార్చడమే కాదు. వాక్యం విరిగే చోటు, క్రియ చివర, ఎవర్ని "గుంట" (పిల్ల) అనాలో ఎవర్ని అనకూడదో, ఇవన్నీ చెవిలో ఉన్నవాడే రాయగలడు. కానీ తీర్పు చెప్పేముందు ఇంకో రెండు చోట్ల చూడాలి.

మొదటిది ప్రాంప్టింగ్. మన సీరియళ్ళలో చాలామంది నటీనటులు కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు. సెట్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ పేపర్ పట్టుకుని కెమెరా పక్కన నిలబడి మాటలు పైకి చదువుతుంటే, వాళ్ళు విని అంటారు. యాస తెలియనివాడు చదివితే అక్కడే సగం పోతుంది. రెండోది డబ్బింగ్. తెర మీద మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. డబ్బింగ్ ఆర్టిస్టు మారితే యాస ఒక్కరోజులో ఎగిరిపోతుంది. తేడా పట్టుకోవడం ఇలా: కళ్ళు మూసుకుని పాత ఎపిసోడ్ ఒకటి, కొత్తది ఒకటి వినండి. గొంతే మారి ఉంటే డబ్బింగ్. గొంతు అదే ఉండి పదాలు మారితే మాటల రచయిత. పదాలు మనవే ఉండి పలుకుబడి మాత్రం తేలిపోతే ప్రాంప్టింగ్. పెదాల మీద కూడా ఒక కన్నేయండి. పెదాలు యాసలో కదులుతూ గొంతు వేరేగా వినిపిస్తే, సెట్‌లో సరిగ్గానే చెప్పించారు, తర్వాత ఎవరో సరిచేశారని అర్థం.

అలా "సరిచేయడం" కూడా జరుగుతుంది. టీవీ రేటింగులు కొలిచే సంస్థ బార్క్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే మార్కెట్. ఒక పాత్ర మాట వేరే జిల్లాల్లో అర్థం కావడం లేదనే అనుమానం వస్తే చాలు, చదును చేసేస్తారు. నా మట్టుకు నేను ఇది పెద్ద నష్టమే అంటాను. భీమిలిలో కథ అని చెప్పి ఆర్కే బీచ్, కైలాసగిరి డ్రోన్ షాట్లు రెండు వేసి, తలుపు తీయగానే హైదరాబాద్ సెట్‌లో అందరూ ఒకేలా మాట్లాడితే, ఆ సీరియల్‌లో మన ఊరు మిగిలింది ఆ అత్త నోట్లోనే. అదీ తీసేశారు.

బార్క్ మాట వచ్చింది కాబట్టి దాని వారం గురించి కూడా తెలుసుకోండి, ఉపయోగపడుతుంది. కొలిచే వారం శనివారం నుంచి శుక్రవారం దాకా. లెక్కలు ఆ పై గురువారం వస్తాయి. అంకె పడిపోయిందనుకోండి, ఆ గురు, శుక్రవారాల్లో సిట్టింగ్ పెట్టి ట్రాక్ తిప్పుతారు. కొత్త వన్‌లైన్, మాటలు, షూటింగ్, ఎడిటింగ్, డబ్బింగ్ అయ్యి మీ ఇంట్లో కనిపించేసరికి మామూలుగా పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్ బ్యాంక్ ఎక్కువ ఉంటే ఇంకా ఆలస్యం. అందుకని కథ హఠాత్తుగా తిరిగిన రోజు ఏం జరిగిందో వెతికితే లాభం లేదు. రెండు మూడు వారాల వెనక్కి వెళ్ళండి. ఆ స్లాటులో పక్క ఛానల్ కొత్త సీరియల్ మొదలుపెట్టిందా? మీ సీరియల్ టైమ్ మార్చారా? హీరోయిన్ నోరు ఎందుకు మూతపడిందో చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. ఏడ్చే హీరోయిన్‌కి అంకె వస్తుందన్న నమ్మకం సిట్టింగుల్లో గట్టిగా ఉంది.

రీమేక్ సంగతి కూడా చూసుకోవాలి. మీ సీరియల్ ఏ భాష నుంచి వచ్చిందో ముందు తెలుసుకోండి. బెంగాలీలో లీనా గంగోపాధ్యాయ్ రాసిన "శ్రీమొయీ" 2019లో మొదలైంది. అదే కథ తెలుగులో "ఇంటింటి గృహలక్ష్మి", హిందీలో "అనుపమ", తమిళంలో "బాకియలక్ష్మి" అయ్యింది. బెంగాలీ మూలం 2021 చివర్లో అయిపోయింది, తెలుగుది 2024 దాకా నడిచింది. అంటే మూలం ఆగిపోయిన చాలాకాలం తర్వాత కూడా ఇక్కడ రోజూ కథ పుట్టించాల్సి వచ్చింది. మూలం ఉన్నంతసేపు పాత్ర ఎటు వెళ్ళాలో ఎవరో ఒకరు ముందే ఆలోచించి పెట్టారు. ఆ దారి అయిపోయాక వారం వారం వెతుక్కోవాలి. "కార్తీక దీపం" మలయాళం "కరుతముత్తు" నుంచి వచ్చింది, 2017 నుంచి 2023 దాకా నడిచింది, దర్శకుడు కాపుగంటి రాజేంద్ర. అంతకాలం నడిచిన దానిలో ఏది మూలంలోది, ఏది ఇక్కడ పుట్టింది అని తేల్చకుండా దర్శకుడిని మెచ్చుకున్నా తిట్టినా గురి తప్పుతుంది. మధ్యాహ్నం సీరియళ్ళకీ ఇదే వర్తిస్తుంది. మీ సీరియల్ మూడు నెలల కిందట మూలం నుంచి పక్కకి తిరిగిందేమో మూలభాష ఎపిసోడ్ల సారాంశం పక్కన పెట్టుకుని చూడండి.

అమెరికా ప్రశ్నకి జవాబు. అక్కడ రైటర్ పేరు తెలియడానికి కారణం పని పంచుకునే తీరే. అక్కడి డేటైమ్ సోప్‌లో వారంలో డైరెక్టర్లు వంతులవారీగా మారుతుంటారు. నెలల తరబడి కథని మోసేది హెడ్ రైటర్. ఆయన లాంగ్ స్టోరీ రాస్తాడు, బ్రేక్‌డౌన్ రైటర్లు దాన్ని ఎపిసోడ్లుగా విడగొడతారు, స్క్రిప్ట్ రైటర్లు మాటలు రాస్తారు. కథ చెడితే ఎవర్ని అడగాలో ప్రేక్షకులకి స్పష్టంగా తెలుసు. మనకి ఇది తలకిందులు. ఒకే డైరెక్టర్ పేరు ఎక్కువకాలం టైటిల్స్‌లో ఉంటుంది, రాసేవాళ్ళు చప్పుడు లేకుండా మారిపోతుంటారు. దూరదర్శన్‌లో "రుతురాగాలు", తర్వాత జెమినిలో "చక్రవాకం", "మొగలిరేకులు" తీసిన మంజులా నాయుడు పేరు మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అలాంటి పేర్ల వల్లే సీరియల్ అంటే డైరెక్టర్‌ది అన్న అలవాటు మనలో స్థిరపడింది. మీ ఆడపడుచు గారి వాదన ఎక్కడినుంచో ఊడిపడలేదు.

అక్కడి పరంపర కూడా రైటర్లదే. ఇర్నా ఫిలిప్స్ 1930లో షికాగో రేడియోకి "పెయింటెడ్ డ్రీమ్స్" రాశారు. ఆవిడ "గైడింగ్ లైట్" 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి వచ్చి, 2009 దాకా నడిచింది. "ఆల్ మై చిల్డ్రన్" సృష్టించిన ఆగ్నెస్ నిక్సన్, "ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్"ని భార్యతో కలిసి సృష్టించిన విలియం బెల్ ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. రేడియోలో పుట్టిన ప్రక్రియ కాబట్టి చెవితో అర్థమయ్యేలా రాయడం అక్కడినుంచే వచ్చింది. మధ్యాహ్నం మనవాళ్ళు కూర తరుగుతూ సీరియల్ వింటారు. అందుకే "నిన్న నువ్వు అత్తయ్యతో అన్న మాట విన్నాను వదినా" లాంటి వాక్యాలు అవసరం. జరిగింది మళ్ళీ చెప్పడాన్ని చెడ్డ రాత అనకండి. కొత్తది ఏదీ కలపకుండా మళ్ళీ చెబితేనే తప్పు.

మీ హీరోయిన్ విషయంలో మాత్రం డగ్లస్ మార్లాండ్ మాటలు సరిగ్గా అతుకుతాయి. "యాజ్ ది వరల్డ్ టర్న్స్"కి 1985 నుంచి 1993లో పోయేదాకా హెడ్ రైటర్ ఆయన. నడుస్తున్న సీరియల్ చేతికొస్తే పాడుచేయకుండా ఎలా ఉండాలో ఆయన చెప్పిన సూత్రాలు అక్కడి ఫ్యాన్స్ ఇప్పటికీ తలుచుకుంటారు. ముందు సీరియల్ చూడు, దాని చరిత్ర తెలుసుకో, ప్రేక్షకుల ఉత్తరాలు చదువు, మొదటి ఆరు నెలలు ఎవర్నీ తీసేయకు, మూల పాత్ర స్వభావాన్ని మార్చకు, కొత్త పాత్రల్ని మెల్లగా పాతవాళ్ళతో ముడిపెట్టి తీసుకురా, ఇదీ సారాంశం. మీ బ్యాంకు ఉద్యోగిని ఊరుకోవడానికి ఒక కారణం చూపించి ఉంటే, అంటే ఎవరినో కాపాడటానికి మాట తీసుకుందనో, ఉద్యోగానికే ముప్పు ఉందనో పెట్టి ఉంటే, అది మలుపు అయ్యేది. కారణం లేకుండా మార్చారు కాబట్టే మీకు వేరే మనిషిని చూస్తున్నట్టు ఉంది. ఆ కారణం ఒక్క సీనులో పెట్టొచ్చు, రెండు నిమిషాలు కూడా పట్టదు.

రచయిత నిజంగా మారారా అన్నది టైటిల్స్‌లో చూసుకోవచ్చు. టీవీలో వేగంగా పోతాయి, కొన్ని రోజులు అసలు వేయరు. యాప్‌లో ఎపిసోడ్ పెట్టి, "స్కిప్ ఇంట్రో" నొక్కకుండా, పేర్ల దగ్గర ఆపి ఫోటో తీయండి. నెలకొకటి చొప్పున ఆరు నెలలవి తీస్తే చాలు. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం, ఎపిసోడ్ డైరెక్టర్, ఎడిటింగ్, క్రియేటివ్ హెడ్, ఈ ఏడూ విడివిడిగా రాసుకోండి. రెండు జాగ్రత్తలు. రీమేక్‌లో "కథ" పక్కన ఉండే పేరు మూలరచయితది కావచ్చు, ఆ మనిషి తెలుగు ఎపిసోడ్ ఒక్కటి కూడా రాసి ఉండకపోవచ్చు. ఇంకోటి, టైటిల్ కార్డు మార్చడం ఆలస్యమవుతుంది, మనిషి వెళ్ళిపోయాక కూడా కొన్నాళ్ళు పాత పేరే పడుతుంటుంది. కాబట్టి కార్డు మారిన తేదీ కంటే మీ నోట్‌బుక్‌లో పదాలు మారిన తేదీనే నమ్మండి.

ఛానల్‌కి రాయాలనుకుంటే "సీరియల్ బోర్ కొడుతోంది" అని రాయొద్దు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. "ఫలానా తేదీ ఎపిసోడ్ నుంచి అత్త పాత్ర యాస పోయింది, మా ఇంట్లో ముగ్గురం ఆ పాత్ర కోసమే చూసేవాళ్ళం" అని తేదీతో, పాత్ర పేరుతో, రెండు మూడు లైన్లలో రాయండి. ప్రోమో కింద కామెంట్లలో కూడా అలాగే పెట్టండి. ఛానల్ వాళ్ళు కామెంట్లు చూస్తారు. ఏ పాత్ర పేరు ఎన్నిసార్లు వస్తోందన్నది సిట్టింగ్‌లో మాటకి వస్తుంది.

చివరిగా మీ ఆడపడుచు గారికి ఇవ్వాల్సిన పాయింటు ఇచ్చేయాలి. ఆస్పత్రి కట్టు పూర్తిగా ఆవిడ వాదనకే వస్తుంది. ఒకే మంచం సీన్లు రెండు వేర్వేరు రోజుల్లో తీసి ఉంటారు. రెండోరోజు మేకప్ వేసేముందు మొదటి రోజు ఫోటో చూసుకోవాల్సింది డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కంటిన్యుటీ చూసే అసిస్టెంట్. షాట్ ఓకే చెప్పేముందు గమనించాల్సింది డైరెక్టర్. అద్దంలా తిరగేసిన షాట్ ఏమో అని ఒక అనుమానం ఉంటుంది. దానికి హీరోయిన్ పైట చూడండి. పైట కూడా రెండో భుజం మీదకి మారి ఉంటే ఎడిటింగ్‌లో షాట్ తిరగబడింది. పైట మామూలుగా ఎడమ భుజం మీదే ఉండి కట్టు ఒక్కటే మారితే, ఆ రోజు సెట్‌లో ఎవరూ ఫోటో తీసి చూడలేదు.